"రేపు మళ్ళీ కలుద్దాం" అన్న మాటకు గ్యారంటీ

ప్రతి ఉదయం రేడియోలో ఒక గొంతు "రేపు ఇదే సమయానికి మళ్ళీ కలుద్దాం" అని మీ దగ్గర సెలవు తీసుకుంటుంది కదా, ఆ గొంతుకు రేపు ఉద్యోగం ఉందో లేదో మీరు ఒక్కసారైనా అడిగారా?

అడిగి ఉండరు. నేనూ అడగలేదు. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటూనే పళ్ళు తోముకున్నాను, జడ వేయించుకున్నాను, కాలేజీ బస్సు కోసం పరుగెత్తాను. ఆ మాట పలికే కుర్చీలో కూర్చున్న తరువాత గాని అందులో ధైర్యం ఎంతో, అబద్ధం ఎంతో నాకు బోధపడలేదు.

హనుమకొండలోని ఒక రేడియో కేంద్రంలో నేను క్యాజువల్ అనౌన్సరును. ఏ కేంద్రమని అడగకండి, వచ్చే నెల కూడా నాకు డ్యూటీ కావాలి. క్యాజువల్ అంటే నెలకు మహా అయితే ఆరు రోజులు పని. ఏ ఆరు రోజులన్నది నెలాఖరున డ్యూటీ గది గోడకు అంటించే చార్టు చెబుతుంది. అందులో పర్మనెంటు ఉద్యోగుల పేర్లు పెన్నుతో ఉంటాయి, మా పేర్లు పెన్సిలుతో. చేరిన మొదటి నెలలోనే, ఈ తేడా ఎందుకని మా ప్రోగ్రామ్ ఆఫీసరుగారిని అడిగాను.

"పెన్సిలుకు రబ్బరుంటది గదమ్మా," అన్నారాయన.

కాలేజీ వాదోపవాద పోటీల్లో నేను గెలిచినవన్నీ రెండో ప్రశ్నతో గెలిచినవే. ఆ రోజు మాత్రం రెండో ప్రశ్న అడిగే అవసరం రాలేదు.

మా నాన్నకు వరంగల్ చౌరస్తా దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణం ఉంది. అమ్మిన ప్రతి బల్బు అడుగున ఉండే లోహపు టోపీ మీద ఆయన మార్కర్‌తో ఆనాటి తేదీ రాసిస్తారు. ఏడాదిలోపు అది పాడైతే, ఆ తేదీ చూసి, ఎదురుమాట లేకుండా మారుస్తారు. స్వర పరీక్షలో నేను ఎంపికైన రోజున మిఠాయి డబ్బాతో దుకాణానికి వెళితే, ఆయన డబ్బా మూత తీయకముందే విచారణ మొదలుపెట్టారు.

"ఎన్ని దినాల కొలువు బిడ్డా?"

"నెలకు ఆరు దినాలు బాపూ."

"ఎన్ని నెలలు?"

"అది చెప్పరు."

ఆయన తన చేతిలో ఉన్న బల్బును ఒకసారి, నన్ను ఒకసారి చూశారు. "మన దుకాండ్ల బల్బుకు ఏడాది గ్యారంటీ. నీ కొలువుకు నెల గూడ లేదు. ఎవలన్న అడిగితె ఏమని చెప్పాలె? బల్బు కంటె తక్కువ, అగ్గిపుల్ల కంటె ఎక్కువ అని చెప్పాలెనా?"

ఒక పని విలువను దాని భద్రతతో మాత్రమే కొలవరాదని నేను మూడు అంశాలుగా వాదించాను. ఆయన మూడూ శ్రద్ధగా విన్నారు. వింటూనే రెండు హోల్డర్లూ ఒక టెస్టరూ అమ్మారు. చివరికి తీర్పు చెప్పారు: "మంచిగ చెప్పినవు. గ్యారంటీ మాత్రం లేదు."

రేడియోలో నాకు పని నేర్పినది ఒక అక్క. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె క్యాజువలే. అంటే ఇరవై ఏళ్ళకు పైగా ఆమె పేరు నెలకొకసారి పెన్సిలుతో పుట్టి, నెలాఖరున చెరిగిపోతూ వచ్చింది. అయినా అంత నిశ్చింతగా స్టూడియోలోకి నడిచే మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు. ఆ నిశ్చింతకు మూలం ఏమిటో, చేరిన మొదటి నెల చివర కనిపెట్టాను.

డ్యూటీ గదిలో ఒక పాత ఇనుప బీరువా ఉంది. నెలలో తమ చివరి డ్యూటీ రోజున క్యాజువల్స్ అందరూ అందులో ఏదో ఒక వస్తువు వదిలి వెళతారు. ఒకరు దువ్వెన, ఒకరు స్వెట్టరు, గొడుగులైతే ఏడు. వస్తువు ఇక్కడ ఉంటే మనిషి మళ్ళీ వస్తాడని లెక్క. ఈ సంగతి పైకి ఎవరూ అనరు. అక్క వదిలేది తన స్టీలు గ్లాసు.

"అక్కా, ఇది మూఢనమ్మకం గాదా?" అని అడిగాను.

"గాదు. మర్చిపోయిన."

"ఇరవై ఏండ్ల సంది ఒకటే గ్లాసు మర్చిపోతాన్నవా?"

"నాకు జర మతిమరుపు ఎక్కువ."

నేను సాక్ష్యం వెతికాను. బీరువా మూలన ఉన్న ఒక నల్ల గొడుగు యజమాని రెండేళ్ళ క్రితమే డ్యూటీలు దొరకక, అనౌన్సరు పని మాని బీమా ఏజెంటు అయ్యాడని తెలిసింది. "మరి ఆయన గొడుగు ఇక్కడనే ఉన్నది, మనిషి రాలే గద?" అని నిలదీశాను.

అక్క తడుముకోలేదు. "ఆయన చినిగిన గొడుగు పెట్టిండు. మంచిది పెడితె వచ్చేటోడు."

ఇటువంటి తర్కాన్ని ఓడించే పద్ధతి మా కాలేజీలో నేర్పలేదు. అందుకే నేను ఏమీ వదలకుండా, చివరికి సీసా మూతతో సహా, ప్రతి నెలా నా సామాను మొత్తం ఇంటికి తెచ్చుకునేదాన్ని. సూత్రం అంటే సూత్రమే.

ఈ యాసంగి పంటకాలం మొదట్లో పై కార్యాలయం నుంచి ఒక కాగితం వచ్చింది. పొద్దున ఆరున్నర నుంచి ఏడున్నర దాకా మా కేంద్రం సొంతంగా నడిపే గంటకు శ్రోతలు ఉన్నట్టు తగిన ఆధారం లేదట. నెలాఖరులోగా ఆధారం చూపకపోతే ఆ గంట కూడా హైదరాబాద్ నుంచే వస్తుందట. రైతుల ఫోన్ కార్యక్రమం, మార్కెట్ ధరలు, వాతావరణం అన్నీ ఆ గంటలోవే. దానికోసమే మా బోటి వాళ్ళను పిలుస్తారు. ఆ గంట పోతే చార్టులో రబ్బరు వాడే శ్రమ కూడా ఉండదు, అసలు మా పేర్లు రాయరు.

నేను కాగితాన్ని మూడుసార్లు చదివాను. అక్క ఒక్కసారి చదివి టీ పోసుకుంది.

"అక్కా, నీకు ఫికర్ లేదా?"

"నేను కొత్తగొచ్చినప్పటి సంది ఇదే ముచ్చట ఇంటాన్న బిడ్డా. మూసేస్తమన్నోళ్ళు ఒక్కొక్కలే రిటైరయిపోయిండ్రు. నేనే ఇంక టెంపరరీగ ఉన్న."

ఆ మరుసటి డ్యూటీ నాడే నేను ఒక పని చేశాను.

మిరప మీద నల్ల తామర పురుగు గురించి శాస్త్రవేత్త చెప్పడం ముగిసింది. ముగింపుకు ఇరవై సెకన్లు ఉన్నాయి. నా ముందున్న కాగితంలో "రేపు ఇదే సమయానికి మళ్ళీ కలుద్దాం" అని ఉంది. రేపు నాకు డ్యూటీ లేదు. రుజువు చేయలేని ప్రతిపాదన వేదిక మీద చేయరాదని మా వాదోపవాదాల గురువు చెప్పేవారు. మైకు కంటే పెద్ద వేదిక ఏముంటుంది? నేను ఇలా అన్నాను: "రేపు ఈ కార్యక్రమంలో మాట్లాడేది నేను కాదు, రేపు నాకు పని లేదు. వచ్చే నెల నాకు పని దొరుకుతుందో లేదో ఇంకా తెలియదు. ఈ గంట నిలుస్తుందో లేదో కూడా తెలియదు. తెలియనిదానికి మాట ఇవ్వలేను. నమస్కారం."

సత్యం కోసం కప్పు గెలిచిన భంగిమలో స్టూడియో బయటికి వచ్చాను. అప్పటికే ఫోన్ మోగుతోంది.

"గిప్పుడు మాట్లాడిన పిల్లవేనా?" మరిపెడ అవతలి ఊరి నుంచి ఒక పెద్దావిడ.

"అవునమ్మా."

"రేపు పని లేదంటివి గద?"

"లేదమ్మా."

"మా గుంపుల మిరపకాయ ఏరుటానికి ఒక మనిషి తక్కువున్నది. పొద్దుగాల ఆరింటికి మా ఊరి బస్టాండుకాడ ఆటో ఉంటది. తలకు తువాల తెచ్చుకో. చేతులు మండుతయ్, రెండు దినాలు గాంగనే అలవాటైతది."

కాసేపటికి అర్థమైంది. కూలికి వెళ్ళేవాళ్ళలో "రేపు నాకు పని లేదు" అని నలుగురిలో అనడమంటే, పని ఎక్కడుందో చెప్పమని అడగడమే. అది విన్నవాళ్ళు జాలిపడి ఊరుకోరు, పని చూపిస్తారు. నేను సత్యవాక్కు అనుకున్నదాన్ని ఆవిడ మర్యాదగా దరఖాస్తు కింద స్వీకరించింది.

"అమ్మా, నాకు మిరపకాయ ఏరుడు రాదు," అన్నాను.

"మాట్లాడుడు వచ్చు గద. మేము ఏరుతం, నువ్వు మాట్లాడు. మాకు పొద్దుపోతది."

తరువాతి ఫోన్ వరంగల్ బజారులోని ఒక బట్టల దుకాణం సేటుది. "గొంతు మంచిగున్నది. మా షాపు ముంగట మైకుల చీరల ఆఫర్లు చెప్పాలె. దినాం పని ఉంటది, ఎప్పుడు బంద్ ఉండది." నా జీవితంలో మొట్టమొదటి పర్మనెంటు ఉద్యోగం అలా, రోడ్డు మీద కేకలు వేయడానికి, వచ్చింది. మూడో ఫోన్ పాలంపేట దగ్గరి రైతుది. ఆయన ఉద్యోగం ఏదీ ఇవ్వలేదు. "నీకు వచ్చే నెల డ్యూటీ పడ్డదో లేదో మాకెట్ల తెలుస్తది?" అని మాత్రం అడిగాడు.

ప్రోగ్రామ్ ఆఫీసరుగారు పిలిపించారు. ఆయన కోపంగా లేరు, అలసటగా ఉన్నారు. "రేడియోల నిజమే చెప్పాలె, కాదన. గని మన నిజం చెప్పొద్దమ్మా."

"శ్రోతకు తెలుసుకునే హక్కు ఉంది సర్."

"హక్కున్నది. టైమే లేదు. నీకిచ్చింది ఇరవై సెకన్లు."

"ఇన్ని ఫోన్లు వచ్చాయి కదా సర్, వినేవాళ్ళు ఉన్నారని ఇంతకంటే ఆధారం ఏం కావాలి?"

ఆయన సొరుగులోంచి ఒక పొడుగాటి రిజిస్టరు తీశారు. శ్రోతల ఉత్తరాల రిజిస్టరు అది. ప్రశంస, సూచన, ఫిర్యాదు అని మూడు నిలువు గడులు. ఆ నెల పేజీలో పైన రెండు వరుసలు నిండి, కింద అంతా తెల్లగా ఉంది. "ఫోన్లు గాలిల పోతయమ్మా. పైకి పోయేది గిది. కాయితం కావాలె."

"అయితే ఉత్తరాలు రాయమని రేడియోలో అడుగుతాను సర్."

"నీ కొలువు కోసం నువ్వే అడుగుతవా? ఏ సూత్రం కింద?"

నా ఆయుధం నాకే తగిలింది. అయితే ఆయన కఠినుడు కాదు. ఒక్క వాక్యం చదవడానికి అనుమతి ఇచ్చారు: "మా కార్యక్రమాలపై మీ అభిప్రాయాలను ఉత్తరం ద్వారా తెలియజేయగలరు." తరువాతి డ్యూటీలో దాన్ని స్పష్టమైన ఉచ్చారణతో చదివాను. అది విని కలం పట్టుకునే మనిషి ఈ జిల్లాలో పుట్టి ఉండడని చదువుతుండగానే నాకు తెలిసిపోయింది.

మర్నాడు అక్క డ్యూటీ. నేను ఇంట్లో వింటున్నాను. ఆమె అదే వాక్యం చదివింది. చదివి, ఒక క్షణం ఆగింది. తరువాత కాగితంలో లేని గొంతుతో, "మొన్న 'రేపు పని లేదు' అన్న పిల్ల గురించి ఫోన్లు చేసి అడుగుతాన్నరు. అదే సంగతి కార్డు మీద రాసి అడుగుండ్రి. రేపు ఇదే సమయానికి మళ్ళీ కలుద్దాం," అంది.

నా చేతిలోని టీ గ్లాసు కిందికి దిగలేదు. ఇరవై ఏళ్ళుగా కాగితంలో లేని మాట ఒక్కటి కూడా పలకని మనిషి ఆమె. రబ్బరు తన పేరు మీదికి కూడా రాగలదని ఆమెకు నాకంటే బాగా తెలుసు. ఆ రోజే కేంద్రానికి పరుగెత్తి, ఎందుకు అలా అన్నావని అడిగాను.

"నోరు జారింది. గ్లాసు మర్చిపోతలేనా, గిది గూడ అంతే."

ప్రోగ్రామ్ ఆఫీసరుగారు అదే గదిలో ఏదో ఫైలు చదువుతున్నారు. తల ఎత్తలేదు. తల ఎత్తకుండా ఉండడానికి ఆయన ఎంత శ్రమపడుతున్నారో స్పష్టంగా కనబడింది.

వారం తిరిగేసరికి కార్డులు రావడం మొదలైంది. అసలు చిక్కు అప్పుడు వచ్చింది. వాటిలో ఒక్కటీ మా గడుల్లో ఇమడలేదు. మరిపెడ వైపు పెద్దావిడ ఎవరిచేతనో రాయించింది: "ఆటో మూడు రోజులు ఆగి చూసినాది. పిల్ల రాలేదు. మంచిగున్నదా?" ఇది ఫిర్యాదని అక్క అంది. సూచన అని ఆఫీసరుగారు రాశారు. పాలంపేట రైతు కార్డులో ఒకే ఒక ప్రశ్న ఉంది: "డ్యూటీ పడ్డదా?" దాన్ని చాలాసేపు తిప్పి తిప్పి చూసి, చివరికి ప్రశంసలో కలిపారు.

ఏటూరునాగారం అవతలి నుంచి వచ్చిన కార్డు దగ్గర మాత్రం ముగ్గురం నవ్వడం ఆపాం. "మా గూడెంలో ఫోనుకు సిగ్నల్ ఉండదు. రేడియో వస్తుంది. పొద్దున మీరు మార్కెట్ రేటు చెప్పాకనే మేము బేరానికి పోతాం. తీసేస్తే ముందు చెప్పండి, వేరే దారి చూసుకుంటాం." బతిమాలడం లేదు, పొగడ్త లేదు. నా ఆరు రోజుల ఉద్యోగం గురించి ఇంత వాదిస్తున్న నేను, ఆ గంట మీద ఆధారపడిన బతుకుల గురించి ఒక్క అంశమైనా తయారు చేసుకోలేదని అప్పుడు సిగ్గేసింది.

చివరి కార్డు మీద సంతకం లేదు. "మీ కొత్త వ్యాఖ్యాత మరీ వేగంగా మాట్లాడుతున్నది. నడుమ నడుమ ఊపిరి తీసుకోమని చెప్పగలరు. వచ్చే నెల నిదానంగా చదువుతుందో లేదో విని మళ్ళీ రాస్తాను." కుడివైపు మూలన తేదీ ఉంది. నల్ల మార్కర్, ఎడమకు వాలిన అంకెలు. ఆ అంకెలను నేను కొన్ని వేల బల్బుల మీద చూశాను.

"సర్, ఇది మా నాన్న రాసింది. రిజిస్టరులో ఎక్కించకండి," అన్నాను.

ఆయన కళ్ళద్దాలు తీశారు. "మెచ్చుకుంటే వద్దనాలె గనీ, తిట్టింది గూడ వద్దంటవా?"

"బంధువులు రాసినది సాక్ష్యం కాదు సర్."

అక్క కల్పించుకుంది. "మీ బాపు రేడియో ఇంటడా, ఇనడా?"

"ఇంటడు."

"నువ్వు ఉరుక్కుంట మాట్లాడుతవా, మాట్లాడవా?"

నేను ఊపిరి తీసుకున్నాను. "మాట్లాడుత."

"మరి అండ్ల అబద్ధమేమున్నది?"

అది ఫిర్యాదు గడిలో చేరింది. ఒక్క ఫిర్యాదు కూడా లేని రిజిస్టరును పైవాళ్ళు నమ్మరంటూ, ఆఫీసరుగారు దాన్ని సంతోషంగా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకున్నారు.

ఆ సాయంత్రం దుకాణానికి వెళ్ళాను. "ఆ కార్డు రాసింది నువ్వే గద బాపూ?"

"ఏ కార్డు?"

"నేను ఊపిరి తీసుకోనన్న కార్డు."

ఆయన కొనడానికి వచ్చిన మనిషికి బల్బు వెలిగించి చూపించి, టోపీ మీద తేదీ రాసి పంపించారు. ఆ తరువాత అన్నారు: "మెచ్చుకుంట రాస్తే సొంతోడు రాసిండంటవు. తప్పు వట్టి రాస్తే నీ సూత్రం చెడది, నా కార్డు చెడది." అవతలి పక్షానికి నేను మనస్ఫూర్తిగా మార్కులు వేసిన వాదన ఇప్పటికి అదొక్కటే.

నెలాఖరున జవాబు వచ్చింది. ప్రస్తుతానికి ఆ గంట కొనసాగుతుంది, మూడు నెలల తరువాత మళ్ళీ పరిశీలిస్తారు. మర్నాడు చార్టు అంటించారు. అక్కకు ఎప్పటిలాగే ఆరు. నాకు నాలుగు. రెండూ పెన్సిలుతోనే.

"ఇది గెలుపా, ఓటమా అక్కా?"

"డ్యూటీ," అంది అక్క. అంతకంటే కచ్చితమైన పదం నాకూ దొరకలేదు.

స్టూడియో తలుపు మీద, మైకు తెరిచినప్పుడు వెలగవలసిన ఎర్ర బల్బు చాలా కాలంగా వెలగడం లేదు. ఆ నెల నా చివరి డ్యూటీ రోజున మా దుకాణం నుంచి ఒక ఎర్ర బల్బు తీసుకెళ్ళాను. నాన్న ఎప్పటిలాగే తేదీ రాశారు. "ఏడాదిలోపు పోతె తీస్కరా, మారుస్త."

"ఏడాదిలోపు నేనే అక్కడ లేకపోతే?"

"తీస్కపోయినోళ్ళే తీస్కరావాలె. అది రూలు. రూలంటే నీకు పానం గద."

కొత్త బల్బు పెట్టాలంటే పైనుంచి మంజూరు రావాలని ఆఫీసరుగారు అన్నారు. అంతవరకు ఎక్కడ ఉంచాలి? ఇనుప బీరువా తెరిచి, ఏడు గొడుగులకూ స్టీలు గ్లాసుకూ మధ్య దాన్ని జాగ్రత్తగా నిలబెట్టాను. అక్క చూస్తూనే ఉంది.

"ఏందే, మర్చిపోయినవా?"

"జర మతిమరుపు," అన్నాను.

మూడు నెలల తరువాత ఆ రిజిస్టరును మళ్ళీ తెరుస్తారు. ఫిర్యాదుల గడిలో ఇప్పటికీ మా నాన్న ఒక్కరే ఉన్నారు. కాబట్టి మీరు ఏ ఊళ్ళో ఉన్నా, మీ ప్రాంతపు రేడియోలో మీరు వినే కార్యక్రమం ఏదైనా సరే, ఈ వారంలోనే ఒక పోస్టుకార్డు కొనండి. దాని మీద ఆ కార్యక్రమం పేరు, విన్న రోజు, మీకు అనిపించిన ఒక్క మాట రాయండి. మెచ్చుకోనవసరం లేదు, తప్పు పట్టినా చాలు. రాసి, జేబులో మరిచిపోకుండా, డబ్బాలో వెయ్యండి.